ఎలుక దాకా వెళ్లే ముందు రెమ్మ తిప్పి చూడండి

విశాఖలో వానలు మొదలై నెల తిరక్కుండానే కామెర్ల మాట వినిపిస్తుంది. మురుగు కలిసిన కుళాయి నీళ్లో, చెరుకు రసంలో వేసిన ఐసో, కారణం ఏదైనా కళ్లు పచ్చబడగానే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేది ఒకటే: నేల ఉసిరి పసరు పట్టించండి. పరగడుపున, మజ్జిగలో కలిపి, ఉప్పూ కారం లేని చప్పిడి పథ్యంతో. ఇది తాతల నాటి నుంచి ఉన్నదే. కొత్తగా చేరిందల్లా దాని వెనక "సైన్సు కూడా రుజువు చేసింది" అన్న తోక. సీసా మీద ఉంటుంది, వాట్సాప్‌లో ఉంటుంది, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో కూడా ఉంటుంది.

ఆ రుజువుల్ని తెరిచి చూస్తే చాలావాటిలో పని వెనక నుంచి మొదలైంది. మొక్క ఏదో గట్టిగా తేల్చలేదు. జనం తాగేది ఏ రూపంలోనో పట్టించుకోలేదు. నేరుగా ఎలుకకి విషం ఎక్కించి, కషాయం పోసి, రక్తం తీసి, "లివర్‌ని కాపాడింది" అని రాసేశారు. మొక్కను ప్రమాణీకరించడం, అంటే అది ఏ జాతో, ఎంత శుభ్రమో, అందులో ఏది ఎంతుందో కొలిచి రాసి పెట్టడం, ఎలుక కంటే ముందు జరగాలి. అది జరగని చోట ఎలుక లెక్క ఎంత బాగున్నా దాన్ని ఇంకో చోట ఇంకొకరు మళ్లీ రాబట్టలేరు. మళ్లీ రాబట్టలేనిదాన్ని రుజువు అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ఈ మొక్క గురించి మాట్లాడే హక్కు విశాఖలోని వాల్తేరుకి కాస్త ఎక్కువే ఉంది. నేల ఉసిరిలోని చేదు పదార్థం మీద 1946లో పరిశోధన ప్రచురించింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన కృష్ణమూర్తి, శేషాద్రి. ఫిల్లాంథిన్ అనే ఆ పదార్థపు అణు నిర్మాణాన్ని 1966లో ప్రకటించింది ఇక్కడి రసాయన శాస్త్ర విభాగంలోని ఎల్. రామచంద్రరావు బృందం. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ నేల ఉసిరి సారాన్ని కొలిచినా కొలమానంగా వాడే పదార్థాల్లో మొదటిది ఆ ఫిల్లాంథినే. అయితే ఆ రోజుల్లో అందరిలాగే వాళ్లూ మొక్క పేరు ఫిల్లాంథస్ నిరూరి అనే రాశారు. అసలైన నిరూరి అమెరికా ఖండపు మొక్క. మన దగ్గర ఆ పేరు కింద చెలామణీ అయినవి వేరే జాతులు. వెబ్‌స్టర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1955లో ఫిల్లాంథస్ ఫ్రాటర్నస్‌ను వేరే జాతిగా వర్ణించాడు. 1985లో మన వృక్షశాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు: భారతదేశపు వృక్షజాల గ్రంథాల్లో నిరూరి అని ఉన్నది నిజానికి మూడు జాతుల కలగలుపు, అమరస్, ఫ్రాటర్నస్, డెబిలిస్. ఇది తేలి నలభై ఏళ్లు దాటినా ఇప్పటికీ "నిరూరి" అని రాసి ఎలుకల మీద పేపరు వేసేవాళ్లున్నారు. అలాంటి పేపరు చదివేటప్పుడు లోపలి అంకెల జోలికి వెళ్లనక్కర్లేదు.

తేడా పట్టడం కష్టమేమీ కాదు. పదింతలు చూపే చేతి భూతద్దం చాలు. ఎండిన పొడితో మాత్రం కుదరదు. పూత, కాయ మీద ఉన్న పచ్చి మొక్క కావాలి. కొమ్మను వెనక్కి తిప్పి పట్టుకుంటే ఆకుల వరస కింద చిన్న చిన్న కాయలు వేలాడుతుంటాయి. ఒక్కో ఆకు మొదట్లో ఏముందో చూడండి. అమరస్ అయితే ఒకే ఆకు మొదట్లో ఒక మగపువ్వు, ఒక ఆడపువ్వు జంటగా ఉంటాయి, పువ్వుకి రేకులు అయిదు. ఫ్రాటర్నస్‌లో మగపూలు రెమ్మ మొదటి వైపు ఆకుల్లో, ఆడపూలు చివరి వైపు ఆకుల్లో విడివిడిగా ఉంటాయి, రేకులు ఆరు. కాయకి కాడ లేకుండా రెమ్మకే అతుక్కుని, పైన గరుకుగా, కాండం ఎర్రగా ఉంటే అది యూరినేరియా అనే ఇంకో జాతి. దాని కాయను పగలదీసి గింజను చూస్తే అడ్డంగా గీతలుంటాయి, అమరస్ గింజ మీద నిలువు గీతలుంటాయి. ఆకు మొదట్లో సన్నగా, కొసన వెడల్పుగా ఉంటే మదరాస్‌పటెన్సిస్ అనే మరో జాతి అయ్యే అవకాశం ఎక్కువ. ఇవన్నీ ఒకే ఖాళీ స్థలంలో, ఒకే వానకి, ఒకదాని పక్కన ఒకటి మొలుస్తాయి. మూలికలు ఏరుకొచ్చే మనిషి గుప్పిట్లో అవన్నీ ఒక కట్టే. మూలికల కొట్టులో కొన్న ఎండు కట్టను నీళ్లలో నానబెట్టి విప్పి చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

తేల్చుకున్నాక పువ్వూ కాయా వేరూ ఉన్న మొక్కను కాగితాల మధ్య నొక్కి, సేకరించిన చోటు, తేదీ రాసి, విశ్వవిద్యాలయ హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల్ని భద్రపరిచే చోటు) పెట్టి నంబరు తీసుకోవాలి. ఇది మొక్కుబడి కాదు. పదేళ్ల తర్వాత ఫలితం మీద అనుమానం వస్తే వెళ్లి చూడగలిగేది ఆ ఒక్క షీటునే. చాలామంది చేసే పనేమిటంటే, సరుకు ఒక చోట బస్తాగా కొంటారు, హెర్బేరియం షీటుకి మాత్రం క్యాంపస్‌లో కనబడిన ఇంకో మొక్క పీకి పెడతారు. నంబరు ఉంటుంది, పరీక్షించిన సరుక్కీ దానికీ సంబంధం ఉండదు.

ఇక్కడే ఒక ఇబ్బందికరమైన విషయం చెప్పాలి. మందుల ప్రమాణాల్ని నిర్ణయించే ప్రభుత్వ గ్రంథం భారత ఆయుర్వేద ఫార్మకోపియా మొదటి భాగం మొదటి సంపుటంలో తామలకి పేరుతో ఉన్న నేల ఉసిరి ఫ్రాటర్నస్. ఫిల్లాంథిన్, దానికి దగ్గరి పదార్థం హైపోఫిల్లాంథిన్ బాగా దొరికేది అమరస్‌లో. రెండు జాతుల్ని పక్కపక్కన పెట్టి పరీక్షించినప్పుడు ఫ్రాటర్నస్‌లో ఆ రెండూ కనబడలేదు. అంటే పుస్తకం చెప్పిన మొక్క తెస్తే కొలమానం దొరకదు, కొలమానం దొరికే మొక్క తెస్తే ఆ పేజీకి సరిపోదు. మరోవైపు ఫ్రాటర్నస్, మదరాస్‌పటెన్సిస్ సారాలు కూడా ఎలుకల లివర్‌ని కాపాడాయన్న నివేదికలున్నాయి. కాబట్టి ఫిల్లాంథిన్ ఒక్కటే పనిచేసే పదార్థం అనుకోవడానికి లేదు. నా దృష్టిలో ఫిల్లాంథిన్ గుర్తింపు కార్డు లాంటిది: వచ్చింది అమరసేనా అన్నది చెబుతుంది, మందు బలం ఎంతో చెప్పదు. ఈ రెండింటినీ కలిపేసి "ఫిల్లాంథిన్ ఇంత శాతం, అందుకే లివర్‌కి మంచిది" అని సీసా మీద వేసుకునేవాళ్లది వ్యాపారం.

సేకరణ దగ్గరకొద్దాం. ఇది అడవి మూలిక కాదు, కలుపు మొక్క. పాడేరు, అరకు దాకా వెళ్లక్కర్లేదు, ఎంవీపీ కాలనీ ఖాళీ ప్లాట్లలోనూ మొలుస్తుంది. ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది కాబట్టే చిక్కు. రోడ్డు వార, మురుగు కాలువ గట్టు, ఫ్యాక్టరీ గోడ పక్క మట్టిలో ఏముంటే అది మొక్కలోకి వస్తుంది. ఎండు మూలికలో సీసం 10 పీపీఎం (పది లక్షల్లో పది పాళ్లు), ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 దాటకూడదు. పోర్టు, పెద్ద పరిశ్రమలు, లారీల రద్దీ ఉన్న ఊళ్లో ఈ పరీక్ష చెయ్యకుండా లివర్ మందు తయారు చెయ్యడం ఏ రకంగానూ సమర్థించుకోలేం. ఆర్సెనిక్, కాడ్మియం రెండూ లివర్‌ని దెబ్బతీసేవే.

వేరుతో సహా పీకే చిన్న మొక్క కావడంతో మట్టి, ఇసుక బాగా అంటుకొస్తాయి. అందుకే బూడిద పరీక్ష. మూతలేని సిలికా మూసలో 2 గ్రాముల పొడి తూచి, 450 డిగ్రీల దగ్గర నల్ల మరక పోయేదాకా కాల్చి, చల్లార్చి, బరువు మారకుండా నిలిచేదాకా మళ్లీ మళ్లీ తూచాలి. వచ్చిన బూడిదను 25 మి.లీ. విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 5 నిమిషాలు మరిగించి, బూడిద మిగల్చని వడపోత కాగితంలో వడకట్టి, ఆ కాగితంతో సహా మళ్లీ కాలిస్తే మిగిలేది ఆమ్లంలో కరగని బూడిద. అదే ఇసుక. మొత్తం బూడిద కాస్త ఎక్కువున్నా మొక్క స్వభావం అనుకోవచ్చు. ఆమ్లంలో కరగనిది పెరిగితే మాత్రం కడగలేదని అర్థం. కాల్చేటప్పుడు మంట ఒక్కసారిగా పెంచితే పొడి ఎగిరిపోయి లెక్క తక్కువ చూపిస్తుంది. తొందరపడే విద్యార్థులకి "మంచి" ఫలితాలు రావడానికి ఇదొక కారణం.

ఆరబెట్టడంలో మన సముద్రపు గాలి శత్రువు. ఆగస్టులో నీడన పరిచిన ఆకు పైకి ఎండినట్టే ఉంటుంది, గోనె సంచిలో కట్టిన వారానికి లోపల బూజు. 40, 45 డిగ్రీల మధ్య గాలి ఆడే డ్రయ్యరులో ఆరబెట్టి, 105 డిగ్రీల దగ్గర తేమ పరీక్ష చేసి, గాలి చొరబడని డబ్బాలో పెట్టడం తప్ప ఇక్కడ వేరే దారి లేదు. ఇంకొకటి: ఆరిన సరుకులో ఆకులన్నీ రాలి సంచి అడుగుకి చేరతాయి, పైన పుల్లలు మిగులుతాయి. ఫిల్లాంథిన్ ఎక్కువగా ఉండేది ఆకులో. పై నుంచి గుప్పెడు తీసి పరీక్షిస్తే తక్కువ, అడుగు నుంచి తీస్తే ఎక్కువ. ఒకే సంచి, రెండు ఫలితాలు. మొత్తం గుమ్మరించి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు కలిపి, మళ్లీ నాలుగు చేస్తూ తగ్గించుకుంటూ వచ్చాకే నమూనా తియ్యాలి.

ఇప్పుడు అసలు ముడి. జనం తాగేది నీళ్లతో నూరి పిండిన పసరు. ల్యాబులో ఎలుకకి పోసేది ఎక్కువగా మిథనాల్‌తోనో ఆల్కహాల్‌తోనో సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో తీసిన సారం. ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ లిగ్నాన్లు అనే రకం పదార్థాలు. ఆల్కహాల్‌లో, హెక్సేన్‌లో బాగా కరుగుతాయి, నీళ్లలోకి సరిగ్గా రావు. నీళ్లలోకి వచ్చేవి కొరిలాజిన్, జెరానిన్ లాంటి టానిన్లు, అంటే వగరు పదార్థాలు. అంటే ఒకే మొక్క నుంచి రెండు వేరు వేరు మందులు. మిథనాల్ సారంతో ఎలుక కోలుకుంటే అది పసరుకి రుజువు కాదు, పసరు పనిచెయ్యదని రుజువూ కాదు. పసరు గురించి మాట్లాడాలంటే పసరునే పరీక్షించాలి: ఇన్ని గ్రాముల పచ్చి మొక్క, ఇన్ని మి.లీ. నీళ్లు, ఎంతసేపు నూరారు, వడకట్టిందాన్ని ఫ్రీజ్ డ్రై చేస్తే (గడ్డకట్టించి ఆరబెడితే) ఎంత పొడి వచ్చింది. ఈ నాలుగు అంకెలు ఇచ్చిన పేపరు కనబడితే శ్రద్ధగా చదవండి.

సారం ఎంత వస్తుందో తేల్చే పరీక్ష చవకైనదే. 5 గ్రాముల పొడిని 100 మి.లీ. ద్రావకంలో 24 గంటలు ఉంచాలి, మొదటి 6 గంటలు అప్పుడప్పుడు కుదుపుతూ, తర్వాతి 18 గంటలు కదపకుండా. వడకట్టి 25 మి.లీ. తీసుకుని ఆవిరి చేసి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచాలి. నీళ్లతో చేసేటప్పుడు క్లోరోఫారం కలిపిన నీళ్లు వాడతారు, లేకపోతే మన వేడికి రాత్రికే పులుస్తుంది. పాత సరుకు, ఒకసారి సారం పిండేసి మళ్లీ ఆరబెట్టి అమ్మే సరుకు ఇక్కడే దొరికిపోతాయి.

గుర్తింపుకి హెచ్‌పీటీఎల్‌సీ మంచి సాధనం, సారంలోని పదార్థాల్ని ప్లేటు మీద పట్టీలుగా విడదీసే పద్ధతి అది. సిలికా జెల్ ప్లేటు మీద అడుగు నుంచి ఒక సెంటీమీటరు ఎత్తులో సన్నని పట్టీలుగా నమూనా, పక్కనే స్వచ్ఛమైన ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్, ఆ పక్కన హెర్బేరియంలో నమోదైన అసలు మొక్క సారం. హెక్సేన్, టోలీన్, ఇథైల్ ఎసిటేట్ 2:2:1 పాళ్లలో కలిపిన ద్రావకంలో నడిపి, మిథనాల్‌లో 10 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి, 110 డిగ్రీల దగ్గర వేడి చేస్తే పట్టీలు రంగు తేలతాయి. విశాఖలో దీనికి ఒక తంటా ఉంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి సిలికా నీటిని పీల్చుకుని పట్టీలు పుస్తకంలో చెప్పిన ఎత్తుకన్నా పైకి ఎగబాకుతాయి. నమూనా వేసే ముందు ప్లేటును 110 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, ద్రావకపు పెట్టెను 20 నిమిషాలు ఆవిరితో నింపి, ఎత్తుల అంకెల్ని నమ్మకుండా అదే ప్లేటు మీది ప్రామాణిక పదార్థంతోనే పోల్చాలి. ప్రామాణిక పదార్థం కొన్ని మిల్లీగ్రాములకే బాగా ఖరీదు. అందుకే చాలా చోట్ల దాన్ని వదిలేసి మేయర్, డ్రాగెన్‌డార్ఫ్, ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కల పరీక్షలతో ఒక పట్టిక నింపుతారు: ఆల్కలాయిడ్లు ఉన్నాయి, టానిన్లు ఉన్నాయి, ఫ్లేవనాయిడ్లు ఉన్నాయి. ఇవన్నీ టీపొడికి కూడా వస్తాయి. ఆ పట్టికతో ఏ మొక్కా తేలదు. ప్రామాణీకరణ అధ్యాయం అంటే ఆ పట్టికే అనుకుని వదిలేసిన థీసిస్‌లు ఎన్నో.

ఎంత ఉందో కొలవాలంటే సీ18 అనే రకం గొట్టం మీద మిథనాల్, నీళ్లతో హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాల్ని విడదీసి పాళ్లు కొలిచే పద్ధతి), 230 నానోమీటర్ల దగ్గర చూడటం మామూలు పద్ధతి. ఒక్క బ్యాచ్ కొలిచి ఆగిపోతే అది ప్రమాణం కాదు. జూలై, సెప్టెంబరు, నవంబరు సరుకు వేరు వేరుగా, రెండు మూడు చోట్ల నుంచి తెచ్చి కొలిస్తే ఆ మొక్క సహజంగా ఎంత అటూ ఇటూ ఊగుతుందో తెలుస్తుంది. కనిష్ఠ పరిమితి ఎక్కడ పెట్టాలో ఆ ఊగిసలాట చెబుతుంది.

ఇంత అయ్యాక ఎలుకలు. జంతు ప్రయోగాల నైతిక కమిటీ అనుమతి ముందు. 150 నుంచి 200 గ్రాముల విస్టార్ ఎలుకలు, గుంపుకి ఆరు. ఏమీ ఇవ్వని గుంపు, విషం మాత్రమే ఇచ్చిన గుంపు, విషంతో పాటు పోలికకి వాడే లివర్ మందు సిలిమారిన్ ఇచ్చిన గుంపు, విషంతో పాటు సారం మూడు మోతాదుల్లో. విషం సాధారణంగా కార్బన్ టెట్రాక్లోరైడ్, ఆలివ్ నూనెలో సగానికి సగం కలిపి పొట్టలోకి సూది. 24 గంటల తర్వాత రక్తం తీసి లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైములు ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, కామెర్లలో పెరిగే పచ్చ పదార్థం బిలిరుబిన్ చూసి, లివర్ ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద పెడతారు. సారం ఇచ్చిన గుంపులో ఎంజైములు తగ్గితే "కాపాడింది" అంటారు.

కాపాడిందా, విషాన్ని విషం కానివ్వలేదా? తేడా పెద్దది. కార్బన్ టెట్రాక్లోరైడ్ తనంతట తాను లివర్‌ని చంపదు. లివర్‌లోని సైటోక్రోమ్ 2ఈ1 అనే ఎంజైము దాన్ని విరగ్గొట్టి ట్రైక్లోరోమిథైల్ రాడికల్‌గా మారుస్తుంది, కణాన్ని కాల్చేది అది. సారంలోని ఏదో పదార్థం ఆ ఎంజైముని అడ్డుకుంటే విషం తయారే కాదు, ఎస్‌జీపీటీ పెరగదు, పేపరు అచ్చవుతుంది. పచ్చకామెర్లతో వచ్చిన మనిషికి అలాంటి అడ్డు ఎందుకూ పనికిరాదు, ఆయన లివర్‌లో ఉన్నది వైరసు. పైగా ఆ ఎంజైముల్ని అడ్డుకునే సారం ఆ మనిషి వాడే ఇతర మందుల మోతాదుని తారుమారు చెయ్యొచ్చు. కాబట్టి గాలక్టోసమైన్ లాంటి వేరే దారిలో దెబ్బకొట్టే విషంతో కూడా పరీక్షించాలి. రెంటిలోనూ నిలబడితే మాట్లాడుకోవచ్చు. పారాసెటమాల్ మోడల్‌లో కూడా ఇదే చిక్కుంది, అదీ అలాంటి ఎంజైముల ద్వారానే విషమవుతుంది. దానికి తోడు ఎలుకలు పారాసెటమాల్‌ని చాలావరకు తట్టుకుంటాయి, చిట్టెలుకలే దానికి లొంగుతాయి. దాన్ని నోటి ద్వారా ఇస్తే టానిన్లున్న కషాయం పేగులోనే దాన్ని ఆపేసిందేమో అన్న అనుమానం మిగులుతుంది. ఈ మోడల్‌లో పోలికకి పెట్టాల్సింది అసలైన విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్, అందరూ పెట్టేది సిలిమారిన్.

ఇంకో లోపం క్రమానిది. ఏడు రోజులు సారం తాగించి ఆ తర్వాత విషం ఇస్తారు. కామెర్లు రాకముందు వారం రోజులు పసరు తాగి కూర్చునే మనిషి ఎక్కడైనా ఉంటాడా? విషం ఇచ్చి, లివర్ దెబ్బతిన్నదని రక్తంలో తేలాక మొదలుపెట్టి చూడాలి. అలాంటి ప్రయోగం మాత్రం అరుదు.

చేతిపని తప్పులు కూడా ఎన్నో. కార్బన్ టెట్రాక్లోరైడ్ ఆవిరైపోయే ద్రవం. పొద్దున కలిపి మూత సరిగా పెట్టకుండా వరసగా ముప్పై ఎలుకలకి ఇస్తే చివరి గుంపుకి దక్కేది బలహీనమైన విషం. ఆ చివరి గుంపు దాదాపు ఎప్పుడూ ఎక్కువ మోతాదు సారం గుంపే. మోతాదు పెరిగేకొద్దీ రక్షణ పెరిగిందన్న అందమైన మెట్ల బొమ్మ ఇలా కూడా వస్తుంది. గుంపుల వరస కలిపేసి ఇవ్వడం దీనికి మందు. మిథనాల్ సారం పత్రహరితంతో తారులాగా జిగటగా ఉంటుంది. సీఎంసీ అనే జిగురు పొడి వేసిన నీళ్లలో సరిగా కలపకపోతే నోటి గొట్టానికే సగం అంటుకుంటుంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే ఎస్‌జీఓటీ లివర్‌తో సంబంధం లేకుండా పెరుగుతుంది. బిలిరుబిన్ వెలుతురుకి విరిగిపోతుంది, కిటికీ పక్క బల్ల మీద గంట సేపు మర్చిపోయిన నమూనా "మెరుగైన" ఫలితం ఇస్తుంది. మధ్యలో చచ్చిపోయిన ఎలుకల సంగతి కూడా రాయాలి. బాగా దెబ్బతిన్నవి చచ్చిపోయి, మిగిలినవాటి రక్తమే తీస్తే సగటు దానంతటదే బాగుపడుతుంది. స్లైడు చూసే పాథాలజిస్టుకి ఏ గుంపుదో తెలియకూడదు. చివరికి అంకెల దగ్గర, ఆరు ఎలుకల గుంపుకి ఎస్‌ఈఎం (సగటు ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకె) వేస్తే గీత ఎస్‌డీలో (ఎలుకల మధ్య తేడాని చూపే అంకె) సుమారు 40 శాతమే ఉంటుంది. బొమ్మ బిగువుగా కనిపిస్తుంది, ఎలుకకీ ఎలుకకీ ఉన్న తేడా దాగిపోతుంది.

మోతాదు లెక్క ఒకసారి వేసి చూద్దాం. ఎలుకకి కిలోకి 200 మి.గ్రా. సారం పనిచేసిందని అంటారు. శరీర ఉపరితలం లెక్కన మనిషికి మార్చాలంటే 37తో భాగించి 6తో గుణిస్తారు, కిలోకి సుమారు 32 మి.గ్రా. 60 కిలోల మనిషికి రోజుకి దాదాపు 1.95 గ్రాముల సారం. నూరు గ్రాముల ఎండు మొక్కకి 10 గ్రాముల సారం వచ్చిందనుకుంటే, అది 19 గ్రాముల పైచిలుకు ఎండు మొక్క. చూర్ణంగా వైద్యులు ఇచ్చేది సాధారణంగా రోజుకి 3 నుంచి 6 గ్రాములు. ఎంత సారం దిగిందో చెప్పని పేపరులో ఈ లెక్క వెయ్యడానికే కుదరదు, వేసిన చోట ఎక్కువసార్లు ఇలాంటి దూరమే కనబడుతుంది.

మనుషుల మీద జరిగిన పరీక్షల కథ ఇంతకన్నా పాఠం చెబుతుంది. 1988లో లాన్సెట్‌లో మద్రాసు బృందం అచ్చువేసిన ఫలితం: హెపటైటిస్ బి వైరసు మోస్తున్నవాళ్లకి అమరస్ పొడి 200 మి.గ్రా. చొప్పున రోజుకి మూడుసార్లు నెల రోజులు ఇస్తే, 37 మందిలో 22 మంది రక్తంలో వైరసు ఉనికిని చూపే ఉపరితల యాంటిజెన్ కనబడకుండా పోయింది. మందు లేని ఉత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆ యాంటిజెన్‌ని కనుగొని 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా ఈ పరిశోధనలో ఉన్నాడు. ప్రపంచమంతా నేల ఉసిరి వైపు తిరిగింది. తర్వాత థాయ్‌లాండ్, న్యూజిలాండ్ లాంటి చోట్ల చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. వైద్య పరీక్షలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2011 నాటి సమీక్ష ఉత్తి మాత్ర కంటే మేలని నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది. అక్కడ వాడిన మొక్క వేరు, కోసిన కాలం వేరు, అందుకే రాలేదని సమర్థించుకునేవాళ్లున్నారు. కావచ్చు. మొదటి పరీక్షలోని సరుకుని రసాయన కొలతలతో కట్టుదిట్టంగా నిర్వచించి ఉంటే ఈ వాదనకి అవకాశమే ఉండేది కాదు. పనిచేసిందని గానీ చెయ్యలేదని గానీ గట్టిగా చెప్పలేని స్థితికి మనల్ని తెచ్చింది ఆ లోటే.

మరి ఊళ్లో పసరుకి ఇంత పేరెలా వచ్చింది? నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతాయి. కళ్లు పచ్చబడి, ఆకలి పోయి, నీరసం ముదిరాకే పసరు కోసం వెళ్తారు, అప్పటికే జబ్బు దిగుముఖం పట్టే సమయం దగ్గరపడుతుంది. తగ్గినవాళ్లు పది మందికి చెబుతారు. పిత్తనాళంలో రాయో గడ్డో అడ్డుపడి కామెర్లు వచ్చినవాళ్లకి పసరుతో తగ్గదు. మలం సున్నంలా తెల్లబడటం, ఒళ్లంతా దురద, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా పెరగడం ఉంటే స్కానింగ్ వాయిదా వెయ్యకూడదు. నెలలు నిండుతున్న గర్భిణికి హెపటైటిస్ ఇ ప్రాణాంతకం కావచ్చు, మగతగా ఉండటం, మాట తడబడటం, రక్తం గడ్డకట్టే పరీక్ష ఐఎన్‌ఆర్ పెరగడం ఎవరిలో కనబడినా అది ఆసుపత్రి కేసు. పసరు తాగి ఉంటే డాక్టరుకి దాచకుండా ఏ రోజు నుంచి, ఎంత, ఎవరిచ్చింది చెప్పాలి, వీలైతే ఆకు కూడా పట్టుకెళ్లాలి.

విశాఖలో ఈ పని సరిగ్గా చెయ్యడానికి కావలసినవన్నీ ఉన్నాయి. హెర్బేరియం ఉంది, ఫార్మసీ కాలేజీలున్నాయి, వానాకాలం వార్డుల్లో రోగులుంటారు. చెయ్యాల్సింది ఒకే పొలంలో గుర్తించిన అమరస్ విత్తనంతో పెంచిన పంట, ఒకే కోత, ఒకే బ్యాచ్. అందులో సగం నీటి సారంగా, సగం ఆల్కహాల్ సారంగా తీసి, రెండింటికీ లిగ్నాన్లూ టానిన్లూ విడివిడిగా కొలిచి పెట్టుకోవాలి. ఎలుకల్లో విషం తర్వాత ఇచ్చి చూడాలి. తర్వాత రక్తపరీక్షలో ఎ గానీ ఇ గానీ అని తేలిన, ఐఎన్‌ఆర్ బాగున్న పెద్దవాళ్లకి నీటి సారం క్యాప్సూలో, అదే రంగూ చేదూ ఉన్న ఉత్తి క్యాప్సూలో చీటీ తీసినట్టు పంచి, బిలిరుబిన్ డెసిలీటరుకి 2 మి.గ్రా. కిందికి దిగడానికి ఎవరికి ఎన్ని రోజులు పట్టిందో లెక్కపెట్టాలి. ఐఎన్‌ఆర్ 1.5 దాటినవాళ్లని వెంటనే పరీక్ష నుంచి తప్పించాలి. ఆ బ్యాచ్ పొడిలో కనీసం వంద గ్రాములు, రెండు సారాల్లో చెరో పది గ్రాములు, గాలి చొరబడని నల్ల సీసాల్లో, ఫ్రిజ్‌లో, హెర్బేరియం నంబరు అంటించి దాచి ఉంచాలి, ఫలితాన్ని నమ్మనివాళ్లు అడిగినప్పుడు తీసి ఇవ్వడానికి.